తిరుపతిలో సూర్యుడు, చిత్తూరులో నెప్ట్యూన్: ఊహాయాత్రతో చిన్న పిల్లలకు గ్రహాల పాఠం

మూడో తరగతి నుంచి ఐదో తరగతి వరకు చదివే పిల్లలకు ఎనిమిది గ్రహాల పేర్లు నేర్పడం పెద్ద పనేమీ కాదు. రెండు మూడు రోజులు కలిసి పాడిస్తే తరగతి అంతా గుక్క తిప్పుకోకుండా అప్పజెబుతుంది. కానీ అలా అప్పజెప్పిన పిల్లలనే శుక్రుడి మీద మనిషి ఎందుకు నిలబడలేడని అడిగినా, గురుడి మీద రాకెట్ ఎక్కడ దిగుతుందని అడిగినా ముఖాలు చూసుకుంటారు. పేర్లు నేర్చుకునే పిల్లవాడికి రాని ప్రశ్నలు ప్రయాణం కట్టిన పిల్లవాడికి వస్తాయి. ఎన్ని రోజులు పడుతుంది, తలుపు తీస్తే ఏమవుతుంది, అమ్మతో మాట్లాడవచ్చా, మళ్లీ ఎప్పుడు వస్తాం అని తనంతట తానే అడుగుతాడు. గ్రహాల పాఠాన్ని ఊహాయాత్రగా నడపమనడానికి కారణం ఇదే.

తిరుపతి, చిత్తూరు ప్రాంతాల ఉపాధ్యాయులకు ఈ పాఠంలో ఒక సౌకర్యం ఉంది. 2022లో జిల్లాలను పునర్వ్యవస్థీకరించినప్పటి నుంచి శ్రీహరికోట తిరుపతి జిల్లాలోనే ఉంది. మన పిల్లల్లో ఎవరో ఒకరికి సూళ్లూరుపేట వైపు చుట్టాలుంటారు, శ్రీహరికోట రాకెట్ కేంద్రానికి వాడుక పేరైన షార్ అన్న మాట ఇంట్లో వినే ఉంటారు. తిరుపతికి దగ్గరలోనే గాదంకిలో జాతీయ వాతావరణ పరిశోధన ప్రయోగశాల, ఆకాశంలోని గాలి పొరలను పరిశీలించే దాని రాడారు ఉన్నాయి. అందువల్ల మన యాత్ర ఎక్కడో తెలియని దేశంలో కాక, పిల్లలు బస్సులో వెళ్లగలిగిన చోటునుంచే మొదలవుతుంది.

యాత్రకు ముందే ఒక నియమం పెట్టాలి. యాత్ర ఊహ కావచ్చు గాని గ్రహం మాత్రం ఊహ కాకూడదు. దీన్ని పిల్లలకు అర్థమయ్యేలా చేయడానికి రెండు రంగుల పద్ధతి బాగా పనికివస్తుంది. ప్రతి పిల్లవాడూ ఒక ప్రయాణ పుస్తకం పెట్టుకుంటాడు. అందులో శాస్త్రవేత్తలు కొలిచి చెప్పిన విషయాన్ని పెన్నుతోను, తాను ఊహించిన దాన్ని పెన్సిలుతోను రాస్తాడు. ‘శుక్రుడి మీద మేఘాల్లో గంధకామ్లం ఉంది’ అన్న వాక్యం పెన్నుది. ‘ఆ మేఘాన్ని చూసి నా స్నేహితురాలు ఏడ్చింది’ అన్నది పెన్సిలుది. మొదటి రోజు నుంచే పిల్లలు గ్రహాంతరవాసులను తెస్తారు, అది ఖాయం. వారిని కసురుకోవలసిన పని లేదు. ఆ జీవి అంత వేడిలో ఏం తాగుతుంది, ఆ గాలిలో ఎలా ఊపిరి తీసుకుంటుంది అని అడిగి, జవాబును పెన్సిలుతో రాయమంటే చాలు. జీవిని కాపాడుకోవడం కోసమే వాడు ఆ గ్రహం గురించి నాలుగు నిజాలు వెతుక్కుంటాడు.

తరగతి గదికి పెద్ద అలంకరణ అక్కరలేదు. బెంచీలను రెండు వరుసలుగా జరిపి, నలుపలకను ముందు కిటికీగా చేసుకుంటే నౌక సిద్ధమైనట్టే. థర్మోకోల్ నౌకలకూ రంగు కాగితాల శిరస్త్రాణాలకూ వారం రోజులు పోస్తే ప్రదర్శన బాగుంటుందేమో గాని పాఠానికి సమయం మిగలదు. పనుల పంపకం మాత్రం తప్పనిసరి. ఒకరు ఉష్ణోగ్రత చదవాలి, ఒకరు బరువు లెక్క కట్టాలి, ఒకరు దూరం చెప్పాలి, ఇద్దరు గది మూలలో శ్రీహరికోటగా కూర్చోవాలి. ప్రతి గ్రహం దగ్గరా ఈ పనులు మారాలి. లేకపోతే గట్టిగా మాట్లాడే పిల్లవాడే ఎనిమిది గ్రహాలకూ నాయకుడవుతాడు.

బయలుదేరే ఘట్టాన్ని కౌంట్‌డౌన్‌తో సరిపెట్టకూడదు. శ్రీహరికోటను ఎందుకు ఎంచుకున్నారని అడగాలి. తూర్పున సముద్రం ఉండడం వల్ల విడిపోయిన భాగాలు జనం మీద పడవు. భూమి పడమటి నుంచి తూర్పుకు తిరుగుతుంది కనుక తూర్పు వైపు ఎగిరే రాకెట్‌కు మన అక్షాంశం దగ్గర సెకనుకు సుమారు 450 మీటర్ల వేగం ఊరికే కలిసివస్తుంది. ఒక పిల్లవాణ్ని తూర్పుకు, ఒకణ్ని పడమరకు నిలబెట్టి, భూమి ఎవరిని ముందుకు తోస్తోందో అడిగితే ఈ సంగతి మూడో తరగతికి కూడా ఎక్కుతుంది.

నింగికి చేరగానే అందరూ తేలిపోతున్నట్టు చేతులు ఊపుతారు. అక్కడ ఆకర్షణ లేదు కాబట్టి తేలుతున్నాం అనే పొరపాటును అప్పుడే సరిచేయాలి. అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం తిరిగే సుమారు 400 కిలోమీటర్ల ఎత్తులో భూమి ఆకర్షణ నేల మీద ఉన్నదానిలో దాదాపు పదింట తొమ్మిది వంతులు ఉంటుంది. నౌక, అందులోని మనిషి, చేతిలోని పెన్సిలు అన్నీ కలిసి భూమి చుట్టూ పడుతూనే ఉంటాయి, గంటకు దాదాపు 28,000 కిలోమీటర్ల వేగంతో పక్కకు పోతుండడం వల్ల నేలను తాకవు. అన్నీ ఒకే విధంగా పడుతున్నందువల్లే తేలుతున్నట్టు ఉంటుంది.

ఇక దూరాల సంగతి. పుస్తకంలో గ్రహాలన్నీ ఒకే పేజీలో పక్కపక్కనే కనబడతాయి కాబట్టి, అంతరిక్షం ఎంత ఖాళీగా ఉంటుందో పిల్లలకు తెలిసే అవకాశమే లేదు. దీనికి మన తిరుపతి–చిత్తూరు రోడ్డును మించిన సాధనం నాకు కనబడలేదు. రెండు ఊర్ల మధ్య దూరం సుమారు 70 కిలోమీటర్లు. సూర్యుణ్ని తిరుపతి ఆర్టీసీ బస్టాండులోను, నెప్ట్యూన్‌ను చిత్తూరులోను పెడితే, సూర్యుడి నుంచి భూమికి ఉండే సగటు దూరం 2.3 కిలోమీటర్లు అవుతుంది. బుధుడు బస్టాండుకు 900 మీటర్లలో, శుక్రుడు 1.7 కిలోమీటర్లలో, అంగారకుడు మూడున్నర కిలోమీటర్లలో ఉంటారు. అంటే నేల ఉన్న నాలుగు గ్రహాలూ తిరుపతి దాటకుండానే అయిపోతాయి. గురుడు 12 కిలోమీటర్ల దగ్గర, చంద్రగిరి దరిదాపుల్లో వస్తాడు. శని 22వ కిలోమీటరు దగ్గర, యురేనస్ 45వ కిలోమీటరు దగ్గర ఉంటాయి. ఆ తర్వాత చిత్తూరు దాకా మరే గ్రహమూ ఉండదు.

ఇదే కొలతలో సూర్యుడి అడ్డుకొలత దాదాపు 22 మీటర్లు, రెండు ఆర్టీసీ బస్సులను ఒకదాని వెనుక ఒకటి నిలిపినంత. భూమి 20 సెంటీమీటర్ల బంతి, అంటే కొంచెం చిన్న ఫుట్‌బాల్. చందమామ అయిదున్నర సెంటీమీటర్ల బంతి. దాన్ని భూమికి ఆరు మీటర్ల దూరంలో పెట్టాలి. ఇది తరగతి గదిలోనే చేయించవచ్చు. ఫుట్‌బాల్ ఒకరి చేతికిచ్చి, చందమామను పట్టుకున్న పిల్లను నీకు తోచినంత దూరంలో నిలబడమంటే, చాలామంది అడుగు దూరంలోనే నిలబడతారు. తర్వాత టేపుతో ఆరు మీటర్లు కొలిచి చూపితే గది అవతలి గోడ దగ్గరికి పోవలసివస్తుంది. అంతరిక్ష కేంద్రం ఎక్కడుంటుందని అడిగితే గది మధ్యలో చూపిస్తారు. అది ఆ బంతి పైన ఆరు మిల్లీమీటర్ల ఎత్తులోనే ఉంటుంది.

గురుణ్ని మాత్రం ఆవరణలో సుద్దముక్కతో గీయాలి, ఎందుకంటే అడ్డుకొలత 2.2 మీటర్లు. మధ్యలో పెట్టిన ఫుట్‌బాల్‌ను చూశాక దాని పరిమాణం గురించి వేరే ఉపన్యాసం అక్కరలేదు. పిల్లల్లో ఎవరైనా చిత్తూరు బస్సు ఎక్కే పని పడినప్పుడు, కిటికీ దగ్గర కూర్చుని ఏ ఊరి దగ్గర ఏ గ్రహమో కనిపెట్టి రాసుకురమ్మనండి.

దిగే గ్రహాల్లో మొదట శుక్రుడి దగ్గరికి తీసుకెళ్లడం మంచిది. అన్నిటికన్నా వేడి గ్రహం ఏదో చేతులెత్తమంటే తరగతిలో ఎక్కువమంది బుధుడినే చెబుతారు, సూర్యుడికి దగ్గర కాబట్టి. నిజానికి బుధుడి మీద పగలు సుమారు 430 డిగ్రీల సెల్సియస్ దాకా పోయినా, గాలి దాదాపు లేనందువల్ల రాత్రికి ఆ వేడి నిలవక మైనస్ 180కి పడిపోతుంది. శుక్రుడి మీద దట్టమైన బొగ్గుపులుసు వాయువు వేడిని బయటికి పోనివ్వదు కాబట్టి రాత్రీ పగలూ కూడా 465 డిగ్రీల ప్రాంతంలోనే ఉంటుంది. రోహిణి కార్తెలో తిరుపతి ఎండను బోర్డు మీద ఒక గీతగా గీసి, శుక్రుడి వేడికి అలాంటివి పదికి పైగా కావాలని పిల్లలతోనే లెక్క కట్టించండి. అక్కడి గాలి బరువు మన నేల మీది గాలికి సుమారు 90 రెట్లు. 1982లో సోవియట్ యూనియన్ దించిన వెనెరా–13 అనే నౌక ఆ నేల మీద రెండు గంటలకు కొంచెం పైగా పనిచేసి ఆగిపోయింది. అందుకే మన నౌక అక్కడ దిగదు, మేఘాల పైనుంచే చూస్తుంది అని చెప్పి, దిగకపోవడానికి కారణాలను ఒక్కొక్కరితో ఒకటి చెప్పించాలి. సూర్యుడు అక్కడ పడమట ఉదయిస్తాడన్న మాట ఒకటి అదనంగా చెబితే, మిగతా గంటంతా వారు దాని గురించే మాట్లాడుకుంటారు. అప్పుడు భూమి తిరిగే దిశను మళ్లీ గుర్తుచేసి, శుక్రుడు దానికి ఎదురు దిశలో తిరుగుతాడని బంతి తిప్పి చూపించాలి.

అంగారకుడి దగ్గర ఎక్కువసేపు ఉండవచ్చు, మనిషి కాలు పెట్టగలడని ఊహించదగిన గ్రహం అదొక్కటే కనుక. దారిలో మంగళయాన్ కథ చెప్పాలి. 2013 నవంబరు 5న శ్రీహరికోట నుంచి బయలుదేరి, 2014 సెప్టెంబరు 24న అంగారకుడి కక్ష్యలోకి చేరింది. అంటే దసరా, దీపావళి సెలవులు అయిపోయాక బయలుదేరితే, సంక్రాంతి, ఉగాది, వేసవి సెలవులు, వినాయక చవితి అన్నీ నౌకలోనే గడుస్తాయి. పది నెలలు అన్న మాటకన్నా ఈ పండుగల లెక్క పిల్లలకు బాగా పడుతుంది. ఏ పండుగకు నౌకలో ఏం వండుకుంటారో పెన్సిలుతో రాయించవచ్చు.

దిగాక బరువు పని. మన భూమి మీద 24 కిలోలు తూగే పిల్ల అంగారకుడి మీద యంత్రం ఎక్కితే దాదాపు 9 కిలోలు, చందమామ మీదైతే 4 కిలోలు చూపిస్తుంది. లెక్కతో ఆగకుండా గోడ దగ్గర గెంతించండి. చేతికి సుద్ద రాసి, నిలబడి ఒకసారి, గెంతి ఒకసారి గోడను తాకమంటే రెండు గుర్తుల మధ్య ఎత్తు తెలుస్తుంది. అది 30 సెంటీమీటర్లయితే అంగారకుడి మీద దాదాపు 80 సెంటీమీటర్లు అవుతుంది, చందమామ మీద 180 అవుతుంది. ఆ ఎత్తులను ఉపాధ్యాయుడే గోడ మీద గుర్తుపెట్టి, పేరు రాయాలి. తమ పేరున్న గీతను పిల్లలు ఏడాదంతా చూసుకుంటారు. ఇక్కడ ఒలింపస్ మోన్స్ అనే అగ్నిపర్వతాన్ని తప్పకుండా చూపించాలి. అది సుమారు 22 కిలోమీటర్ల ఎత్తు. తిరుమల కొండ సముద్రమట్టానికి కిలోమీటరు లోపే. అలిపిరి మెట్లు ఎక్కిన పిల్లలు తరగతిలో ఉంటారు, వాళ్ల కాళ్లకు ఈ పోలిక వెంటనే తెలుస్తుంది. అంగారకుడి నేల ఎర్రగా ఉండడానికి ఇనుప తుప్పు కారణమని, అక్కడ సూర్యాస్తమయం మాత్రం నీలంగా కనబడుతుందని కూడా చెప్పి రంగులు వేయించవచ్చు.

గురుడి దగ్గర ప్రతి తరగతిలోనూ ఎవరో ఒకరు, “సార్, దిగితే కాలు కిందికి పోతాదా?” అని అడుగుతారు. ఆ ప్రశ్న రాకపోతే రప్పించాలి. పోతుంది, ఎందుకంటే అక్కడ నిలబడే నేల లేదు. కిందికి పోయేకొద్దీ వాయువు చిక్కబడుతుంది, వేడెక్కుతుంది, చీకటవుతుంది. 1995 డిసెంబరులో గెలీలియో నౌక వదిలిన చిన్న పరికరం ఆ మేఘాల్లోకి దూకి దాదాపు గంటసేపు సమాచారం పంపి, వేడికీ ఒత్తిడికీ ఆగిపోయింది. పిల్లలను కళ్లు మూసుకోమని, ఆ పరికరం చూసిన దాన్ని ఉపాధ్యాయుడు నెమ్మదిగా చదివి వినిపించవచ్చు. చీకటంటే భయపడే పిల్లలుంటే కళ్లు తెరిచే వినమనాలి. గురుడి మీద ఒక రోజు 10 గంటలలోపే. తొమ్మిది గంటలకు బడి మొదలైనప్పుడు సూర్యుడు ఉదయిస్తే, రెండు గంటలకే అస్తమిస్తాడు.

తక్కిన మూడింటినీ తొందరగా ముగించినా నష్టం లేదు. శని వలయాలు గట్టి పళ్లేలు కావని, మంచు ముక్కల గుంపులని చెబితే చాలు. సమయముంటే 2005 జనవరి 14న హైగెన్స్ అనే నౌక శని ఉపగ్రహం టైటాన్ మీద దిగిన సంగతి కలపాలి. యురేనస్ పక్కకు పడుకుని దొర్లుతుంది. 1977 మార్చి 10న అది ఒక నక్షత్రానికి అడ్డువచ్చినప్పుడు దాని చుట్టూ వలయాలున్నట్టు బయటపడింది. ఆ ఘటనను గమనించిన వేధశాలల్లో మనకు దక్షిణాన తమిళనాడులో ఉన్న కావలూరు ఒకటి. ఈ రెంటి దగ్గరికీ, అంటే యురేనస్‌కు 1986లో, నెప్ట్యూన్‌కు 1989లో వెళ్లిన నౌక వాయేజర్–2 ఒక్కటే. అది 1977లో బయలుదేరింది. మూడో తరగతి పిల్ల అందులో ఎక్కితే డిగ్రీ చదివే వయసుకు నెప్ట్యూన్ చేరుతుంది.

శ్రీహరికోటగా కూర్చోబెట్టిన ఇద్దరినీ మరిచిపోకూడదు, ఈ యాత్రలో అన్నిటికన్నా బాగా పండే ఆట వారిదే. నౌకలోని వారు ప్రశ్న చీటీ మీద రాసి ఉపాధ్యాయుడికి ఇస్తారు. రేడియో తరంగం చేరేంత సమయం గడిచాకే ఆయన దాన్ని శ్రీహరికోటకు అందిస్తాడు. చందమామ నుంచైతే సెకనుకు కొంచెం పైన, అంటే వెంటనే. అంగారకుడు దగ్గరగా ఉన్నప్పుడు మూడు నిమిషాలు, దూరంగా ఉన్నప్పుడు 22 నిమిషాలు. గురుడి నుంచి అరగంటకు పైనే కాబట్టి ప్రశ్న ఈ పీరియడ్‌లో పంపితే జవాబు తర్వాతి పీరియడ్‌లోనే వస్తుంది. నెప్ట్యూన్ నుంచి దాదాపు నాలుగు గంటలు పడుతుంది. ప్రార్థన గంటకు రాసిన చీటీ మధ్యాహ్న భోజనం అయ్యాక గాని చేరదు, దాని జవాబు బడి వదిలే వేళకు కూడా రాదు. “మాకు ఊపిరాడటం లేదు, ఏం చేయాలి?” అని రాసిన నౌకకు జవాబు రాకపోవడం చూశాక, దూరప్రయాణికుడు తన నిర్ణయం తానే తీసుకోవాలని పిల్లలు వాళ్లంతట వాళ్లే చెబుతారు. రోడ్డు నమూనాను దీనితో కలపవచ్చు. ఆ కొలతలో రేడియో తరంగం, వెలుగులాగే, గంటకు 17 కిలోమీటర్ల వేగంతో పోతుంది, అంటే సైకిల్ తొక్కినట్టే. సైకిల్ మీద తిరుపతి నుంచి చిత్తూరు ఎన్ని గంటలో లెక్క కడితే ఆ నాలుగు గంటలే వస్తాయి.

శ్రీకాళహస్తి మన జిల్లాలో ఉంది కనుక రాహుకేతువుల ప్రశ్న తప్పకుండా వస్తుంది. గుడిలో తొమ్మిది ఉంటే బడిలో ఎనిమిదే ఎందుకని అడిగిన పిల్లను నవ్వి కూర్చోబెట్టడం సరికాదు, ఇంటి నమ్మకం మీద వాదన పెట్టడమూ సరికాదు. నేల మీద నిలబడి ఆకాశాన్ని చూసినవారికి నక్షత్రాల మధ్య కదిలేవి సూర్యుడు, చంద్రుడు, కంటికి కనబడే అయిదు గ్రహాలు. భూమి కాళ్ల కింద ఉంది కాబట్టి ఆ లెక్కలోకి రాదు. సూర్యుడి దారిని చంద్రుడి దారి దాటే రెండు చోట్లే రాహువు, కేతువు. సూర్యచంద్రులు ఆ చోట్ల దగ్గర ఉన్నప్పుడే గ్రహణాలు పడతాయి. మన ఎనిమిది మాత్రం సూర్యుడి చుట్టూ తిరిగేవాటి లెక్క. చూసేవాడు నిలబడిన చోటును బట్టి జాబితా మారుతుందని ఐదో తరగతి పిల్లలకు చక్కగా అర్థమవుతుంది. శని అంటే భయపడే పిల్లకు, మన పరికరాలకు అక్కడ వలయాలూ చలీ గాలులూ కనబడ్డాయని చెప్పి, కిటికీ దగ్గర కుర్చీ ఆ పిల్లకే ఇవ్వండి.

యాత్ర జరిగే వారంలో ఒక సాయంత్రం నిజమైన ఆకాశం చూపించాలి. శుక్రుడు కనబడే కాలమా కాదా అని తెలుసుకోవడానికి ఇంట్లోని పంచాంగం చాలు. శుక్ర మౌఢ్యం అని రాసిన రోజుల్లో అది ఆకాశంలో సూర్యుడికి మరీ దగ్గరగా ఉండి కనబడదు; పెళ్లిళ్లు ఆగే ఆ మూఢాల గురించి పిల్లలు వినే ఉంటారు. గురుడికీ అంతే. సూర్యుడు పూర్తిగా అస్తమించాకే చూపు పైకెత్తాలని, సూర్యుణ్ని నేరుగాగాని బైనాక్యులర్‌తోగాని ఎన్నడూ చూడరాదని ముందే గట్టిగా చెప్పాలి.

చివరగా ప్రయాణ పుస్తకాలు దిద్దే పద్ధతి. చేతిరాతకూ బొమ్మలకూ మార్కులు వేస్తే ఇన్నాళ్ల నియమం వృథా అవుతుంది. పెన్నుతో రాసిన ప్రతి వాక్యాన్నీ నిజమా కాదా అని మాత్రమే చూడాలి. పెన్సిలు వాక్యానికి తప్పు పెట్టకూడదు, అది ఆ గ్రహం మీద సాధ్యమా అని పక్కన ఒక ప్రశ్న రాస్తే చాలు. దిద్దడానికి ముందు పుస్తకాలను పక్క బెంచీవారితో మార్పించి, పెన్నుతో రాయవలసింది పెన్సిలుతోను, పెన్సిలుతో రాయవలసింది పెన్నుతోను ఎక్కడ రాశారో వెతకమనండి. తనకు తెలియని వాక్యం కనబడితే పిల్లవాడు దాని కింద గీత గీసి తేవాలి. ఆ గీతలను పోగుచేసి చూస్తే తరగతికి ఏ గ్రహం సరిగా అందలేదో తెలుస్తుంది, మరుసటి వారం నౌకను మళ్లీ అక్కడికే తిప్పాలి.